విల్లా తమారిస్‌లో పంతొమ్మిదో రోజు

మదాం ఓడిబెర్‌ను ఉదయం పది గంటలకు కుటుంబ సమాధిలో పెట్టి రాయి మూసేశారు. పదకొండున్నరకల్లా ఇన్‌స్పెక్టర్ ఇస్నార్ ఆమె వంటింట్లో, ఆమె కుర్చీలోనే కూర్చుని ఆమె పనిమనిషిని ప్రశ్నిస్తున్నాడు. సంతాపం చెప్పలేదు. ఇంతకుముందు చెప్పి ఎవరిని బతికించాడు గనక.

ఫిలోమెన్ నల్లబట్టలు ఇంకా మార్చుకోలేదు. అరవై మూడేళ్ళ మనిషి. అందులో ఇరవై ఆరేళ్ళు ఈ ఇంట్లోనే అరిగిపోయాయి. చేతులు ఊరికే ఉండలేక బల్లమీద చిక్కుడుకాయలు వలుస్తున్నాయి. అవి ఎవరికి వండుతుందో ఆమెకీ తెలియదు.

"ఇరవయ్యో తారీకు, ఆదివారం. ఎన్నింటికి బయల్దేరారు?"

"తొమ్మిదింటి బస్సుకి. కొండల్లో మా అక్క ఊరు. తుంటి విరిగి మంచంలో ఉంది."

"అప్పటికి మదాం ఎలా ఉన్నారు?"

"గుండె నీరసించి రెండేళ్ళయింది ఇన్‌స్పెక్టర్ గారూ. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కాళ్ళ నిండా వాపు. నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు. నేను పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడితే, 'మీ అక్క చచ్చాక వెళ్తే ఒక్క ప్రయాణంతో సరిపోయేదిగా' అన్నారు."

ఇస్నార్ రాసుకున్నాడు. నవ్వలేదు.

"ఈ ప్రయాణం గొడవ మేలోనే మొదలైందట."

"మేలోనే అడిగాను, వారం రోజులు పంపమని. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి. వీలునామాలో ఇల్లు నాకు రాశారు కదా, దాంతో నాకు పొగరెక్కిందన్నారు. 'నీ నెత్తిమీద కప్పు ఎలా తీస్తానో చూడు' అన్నారు. ఆవిడ రోజుకి పదిసార్లు అలాంటివి అనేవారు. నేను సూప్ కలుపుకుంటూ ఊరుకున్నాను." గోటితో ఒక కాయని నిలువునా చీల్చింది. "నిజంగానే తీసేశారు."

జూలై మూడు, గురువారం. మదాం ఒంటరిగా టాక్సీ పిలిపించుకుని నోటరీ దగ్గరికి వెళ్ళింది. సముద్రంవైపు తొమ్మిది కిటికీలున్న ఇంటిని ఎస్పెన్ నీగార్డ్ అనే నార్వే మనిషికి అమ్మేసింది. ఈ తీరంలో దిక్కులేని ముసలివాళ్ళు అమ్మే పద్ధతే: బతికున్నంతకాలం ఇంట్లో ఆమే ఉంటుంది, కొన్నవాడు నెలనెలా ఇంత అని ఇస్తాడు, ఆమె పోయిన రోజున ఇల్లు అతని చేతికి వస్తుంది. ఆమె త్వరగా పోతే అతనికి లాభం. ఆలస్యంగా పోతే ఆమెకి. పత్రం మీద ఇద్దరూ ఒకరికొకరు మర్యాదగా నవ్వుకుంటూ సంతకాలు పెడతారు.

"కొన్నాయన ఆ రోజే తోటగదిలో దిగాడు," అంది ఫిలోమెన్. "మదామే ఉండమన్నారు, నన్ను ఏడిపించడానికి. ఇక చూడండి సేవలు! పొద్దున్నే నాడి చూస్తాడు. మధ్యాహ్నం ఉప్పులేని సూప్ తనే కాచి తెస్తాడు. ఈవిడ దగ్గితే చాలు, తోటగదిలోంచి పరిగెత్తుకొస్తాడు. డాక్టరుని రెండుసార్లు పిలిపించాడు. ఇరవై ఆరేళ్ళలో నేను చెయ్యనిది ఆయన పదిహేడు రోజుల్లో చేశాడు."

"ఇరవై రోజులు గడిచేదాకా ఆవిడ బతకాలి కాబట్టి."

"అది తెలియనిదెవరికి? అమ్మిన ఇరవై రోజుల్లోపు మనిషి పోతే అమ్మకం రద్దు. ఈ ఊళ్ళో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు."

ఇరవయ్యో రోజు జూలై ఇరవై మూడు, బుధవారం. ఆ రోజు ముగిసేలోగా ఆమె పోతే అమ్మకం చెల్లదు, వీలునామా ప్రకారం ఇల్లు ఫిలోమెన్‌ది. గురువారం పోతే నీగార్డ్‌ది. శనివారం మధ్యాహ్నం ఫిలోమెన్ తిరిగొచ్చి పైగది తలుపు తీసేసరికి మదాం మంచంమీద చచ్చిపడి ఉంది. గదిలో ఏసీ, ఆ చలిమిషను, పూర్తి జోరుమీద తిరుగుతోంది. డాక్టరు గుండె ఆగి పోయిందని రాశాడు. ఎప్పుడు అంటే మాత్రం భుజాలెగరేశాడు. అంత చలిలో శరీరం లెక్క తప్పుతుంది. గురువారం కావచ్చు, అంతకుముందూ కావచ్చు. శుక్రవారం ఉదయం కూడా తనతో మాట్లాడిందని నీగార్డ్ వాంగ్మూలం ఇచ్చాడు. సాయంత్రం ఐదింటికల్లా తేదీ తేల్చి ప్రాసిక్యూటర్ బల్లమీద పెట్టాలి. ఇస్నార్‌కి ఇచ్చిన పని అంతే.

"ఈ శనివారానికి నా గది ఖాళీ చెయ్యాలట," అంది ఫిలోమెన్. "ఆయన కాగితం ఇచ్చాడు. మంచి భాషలోనే రాశాడు. అరవై మూడేళ్ళకి ఎవరింట్లో గిన్నెలు తోమను?"

"నేను ఇళ్ళు పంచడానికి రాలేదు. రొట్టె ఎవరు తెచ్చేవారు?"

"రొట్టెల బండివాడు ఏడున్నరకి గేటుకి సంచిలో తగిలించి పోతాడు. రోజుకొకటి."

"శుక్రవారం దాకా రోజూ ఎవరో సంచి ఖాళీ చేశారు. బండివాడు చెప్పాడు. మదాం తినేవారా మొత్తం?"

"పళ్ళేవి ఆవిడకి? మధ్యలో మెత్తటిది గిల్లుకుని తినేవారు. పైన గట్టి పెచ్చు ఆ రేకుడబ్బాలో వేసేవారు. వారానికోసారి నేను సూప్‌లో నానబెడతాను. పారేస్తే ఊరుకోరు, యుద్ధం నాటి మనిషి."

ఇస్నార్ లేచి అలమరలోంచి డబ్బా తీశాడు. బల్లమీద బోర్లించాడు. లోపల గుల్లచేసిన పెచ్చులు రెండు రొట్టెలకి సరిపడా ఉన్నాయి.

"మీరు వెళ్ళేముందు డబ్బా ఖాళీయేనా?"

"ఆదివారం పొద్దున్నే ఖాళీ చేసి కడిగి పెట్టాను. ఆ రోజు రొట్టె రాదు."

సోమవారం ఒకటి, మంగళవారం ఒకటి. బుధవారం నుంచి ఆ ఇంట్లో రొట్టెను పళ్ళున్నవాడు తిన్నాడు.

ఫిలోమెన్ ఆ రెండు కుప్పలకేసి చూసింది. అర్థమైంది. చిక్కుడుగింజలు చేతిలోంచి జారిపోయాయి.

"మంగళవారమా?"

"నేనేమీ అనలేదు. ఇక్కడే ఉండండి. నోరు మెదపకండి, ఎవరితోనూ."

*

పైగది పడమటివైపు. సముద్రం మీంచి మధ్యాహ్నపు ఎండ సూటిగా కొట్టే గది. కిటికీకి బయట ఆకుపచ్చ చెక్కరెక్కలు. ఇప్పుడు మూసి ఉన్నాయి. ఫిలోమెన్ వచ్చాక మూసింది.

ఇస్నార్ ముందు చలిమిషను చూశాడు. పదహారు డిగ్రీలు. దాని కిందున్న పెట్టెమీద కుట్టుపూల గుడ్డ ఒకటి నాలుగు మడతలు పెట్టి ఉంది. విప్పి చూశాడు. మిషను కొలతకి కుట్టిన తొడుగు అది. అంచులవెంట ఏళ్ళ దుమ్ము గీత కట్టింది. అమర్చిన రోజు నుంచి ముసలామె దాన్ని తొడుగు వేసి అలాగే ఉంచింది. కీళ్ళనొప్పుల మనిషి. చలిగాలి పెట్టుకుని పడుకోవాలని ఆమెకి ఎనభై నాలుగో ఏట కొత్తగా బుద్ధి పుట్టదు.

తరువాత కిటికీ గట్టు. మేరీమాత బొమ్మ, దాని ముందు వెలిగించని కొవ్వొత్తి. చర్చిలో ఇచ్చిన లావుపాటిది. అది నడుము దగ్గర వంగి, తల గట్టుకి ఆనించి గట్టిపడి ఉంది. కింద గట్టుమీద పాతకాలపు మైనం మరక ఒక్కటి లేదు. ఏళ్ళ తరబడి ఎండ ఎరగని చోట నిలబడ్డ కొవ్వొత్తి ఈ వారంలో ఎండకి మెత్తబడి కూలింది.

గుమ్మం దగ్గర ఖరీదైన బూటు చప్పుడైంది.

"ప్రార్థన చేసుకుంటున్నావేమోయ్ ఇస్నార్? లేటయింది. పాతిపెట్టేశారు."

బరాలిస్. పదకొండేళ్ళు ఇద్దరూ ఒకే కారులో తిరిగారు. తరువాత అతను పోలీసు ఉద్యోగం వదిలి ప్రైవేటు డిటెక్టివ్ అయ్యాడు. ఈ తీరంలో ఇళ్ళు కొనే పరదేశీయుల పనులు చక్కబెడతాడు. నీగార్డ్ శనివారం సాయంత్రమే అతన్ని పెట్టుకున్నాడు. వెనకే నీగార్డ్ కూడా వచ్చి నిలబడ్డాడు. పొడుగ్గా, ఎండకి ముక్కు కాలి, పెళ్ళికొచ్చినవాడిలా తెల్లబట్టలు వేసుకుని ఉన్నాడు.

"నీ కాలర్ నలిగిపోయిందోయ్," అన్నాడు బరాలిస్. "ఇస్త్రీ చేసేవాళ్ళు లేరా?"

"లేరు. చచ్చిపోయింది. మీ ఆవిడ బతికే ఉంది, కాకపోతే వేరేవాడి ఇంట్లో. చెప్పు, ఏం తెచ్చావు?"

బరాలిస్ మొహంలో రంగు ఒక క్షణం మారి సర్దుకుంది. జేబులోంచి కాగితం తీశాడు.

"పోస్టు పంచే సుజెత్ వాంగ్మూలం. సంతకంతో సహా. బుధవారం మధ్యాహ్నం మూడింటికి, గురువారం మధ్యాహ్నం మూడింటికి ఈ కిటికీ రెక్కలు బార్లా తెరిచి ఉన్నాయి. రాత్రి తొమ్మిదింటికి మూసి ఉన్నాయి, ఎదురింటివాళ్ళు చూశారు. ఇంట్లో పనిమనిషి లేదు. రెక్కలు వాటంతటవి తెరుచుకోవు. గురువారం నాటికి ముసలామె బతికే ఉంది. ఇక నీ పెన్ను మూసెయ్."

"సుజెత్‌ని నేనూ అడిగాను. 'మదాంకి మతిపోయిందేమో అనుకున్నాను' అని కూడా చెప్పింది. అది రాసుకోలేదేం?"

"అభిప్రాయాలు నేను రాసుకోను."

"నువ్వు ఎక్కడ పుట్టావు బరాలిస్?"

"నీ వెనక వీధిలో."

"జూలైలో మీ అమ్మ పడమటి కిటికీ మూడింటికి తెరిచేదా?"

బరాలిస్ చూపు మూసి ఉన్న రెక్కలమీదికి పోయింది.

ఇస్నార్ ఇంట్లో పొద్దున్న పదింటికి రెక్కలు పడతాయి. ముప్ఫై ఏళ్ళు భార్య అరిచి అరిచి నేర్పిన పని. ఇప్పుడు అరిచేవాళ్ళు లేకపోయినా పదయ్యేసరికి చెయ్యి దానంతటదే కొక్కెం మీదికి పోతుంది. ఈ తీరంలో పుట్టినవాళ్ళు ఎండ నెత్తికెక్కకముందే ఇంటిని చీకటి చేసుకుంటారు. సాయంత్రం చల్లబడ్డాక తెరిచి రాత్రంతా గాలి పోనిస్తారు. బార్లా తెరిచిన కిటికీ మూడింటప్పుడు కనబడితే ఆ ఇంట్లో ఎవరికో బుర్ర చెడిందనో, లేక ఉత్తరాది నుంచి దిగిన కొత్తవాడు ఉన్నాడనో అనుకోవాలి.

అతను నీగార్డ్ వైపు తిరిగాడు.

"మీ దేశంలో పొద్దున్న కిటికీ తెరిస్తే ఇంట్లో మనిషి లేచినట్టు. రాత్రి మూస్తే పడుకున్నట్టు. అంతేనా?"

"అది ఎక్కడైనా అంతే కదా," అన్నాడు నీగార్డ్. అతను భాషని బడిలో నేర్చుకున్నట్టు ఒక్కొక్క మాటా సరిచూసుకుని మాట్లాడతాడు.

"ఇక్కడ అంతే కాదు. ఇరవై ఆరేళ్ళు ఈవిడ పదింటికి మూసిన రెక్కలు ఇవి. బుధవారం నుంచి మీరు తెరిచారు. రోడ్డుమీద పోయేవాళ్ళకి మనిషి బతికున్నట్టు కనబడాలని. ఎండ కోసం ఇంత దూరం వచ్చి ఇల్లు కొన్నవాడికి ఎండని బయట ఉంచాలని ఎలా తడుతుంది? మీరు శవంమీద మూడు రోజులు ఎండ కొట్టించారు నీగార్డ్ గారూ. ఆ కొవ్వొత్తి చూడండి. లోపల వాసన రాకుండా ఈ మిషను తొడుగు తీసి పెట్టారు. ఆవిడ రొట్టె మీరే తిన్నారు."

"ఆయన ఏమీ చెప్పరు," అన్నాడు బరాలిస్.

"చెప్పకపోతే మంచిది. అప్పుడు మంగళవారం ఆవిడ చావుకి కారణం కూడా మీరేనేమో చూడాల్సి వస్తుంది. ఇరవై రోజులు గడిచేదాకా ఆగలేక..."

"నేను ఆమెకు హాని చేయలేదు!" నీగార్డ్ గొంతు సన్నబడింది. "ఎందుకు చేస్తాను? ఇంకొక్క రోజు. ఒక్క రోజు బతికితే చాలు కదా నాకు! నేను సూప్ చేశాను. కాళ్ళు పిసికాను. మా అమ్మకు కూడా నేను పిసకలేదు. బుధవారం ఏడు గంటలకు నాడి చూడటానికి వచ్చాను. చెయ్యి మంచులా ఉంది. బిగుసుకుని ఉంది. రాత్రే పోయింది. పంతొమ్మిదో రోజు! నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు."

"కోపం."

"అవును, కోపం. ఇరవై రోజులు ఆగలేదు ఆమె. మూడు రోజులు ఆలస్యమైతే చనిపోయినవారికి ఏం నష్టం?"

బరాలిస్ కళ్ళు మూసుకున్నాడు. కేసు చేతిలోంచి జారుతుంటే అతను ఎప్పుడూ అలాగే చేస్తాడు. ఇస్నార్‌కి తెలుసు.

"ఎలా ఉంది మనిషి? ఏ భంగిమలో?"

"వెల్లకిలా. చక్కగా." నీగార్డ్ చెమట తుడుచుకున్నాడు. "అదొక్కటి వింతగా అనిపించింది. నీలం పట్టు గౌను వేసుకుని ఉంది. జుట్టు దువ్వుకుని, ముత్యాలు పెట్టుకుని ఉంది. విందుకు వెళ్తున్నట్టు. నిద్రలో పోయినట్టు కనబడాలని నేనే అవి తీసేసి పడుకునే గౌను తొడిగాను. చాలా కష్టమైంది. మోచేతులు వంగలేదు."



మంగళవారం రాత్రి, ఒంటరిగా, ఆయాసంతో ఉన్న ముసలామె పట్టు గౌను వేసుకుని ముత్యాలు పెట్టుకుని పడుకుంది. ఇస్నార్ నోటిదాకా ఒక ప్రశ్న వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో నోటిదాకా వచ్చిన ప్రశ్నని మింగలేదు. ఇవాళ మింగాడు. నోట్‌బుక్ మూశాడు.

"ఇక చాలు. చనిపోయింది మంగళవారం, ఇరవై రెండు. డాక్టరు గుండె అని రాశాడు. శవాన్ని దాచినందుకు, అబద్ధపు వాంగ్మూలానికి మీమీద కేసు ఉంటుంది. కిందికి పదండి, సంతకం పెడుదురుగాని."

"ఆగు," అన్నాడు బరాలిస్.

అతని కళ్ళు తెరుచుకున్నాయి. ఇస్నార్ ఆ చూపు గుర్తుపట్టాడు. ఒకప్పుడు ఆ చూపుని చూసే అతన్ని పక్కసీట్లో కూర్చోబెట్టుకున్నాడు.

"ముత్యాలు," అన్నాడు బరాలిస్ మెల్లగా. "నువ్వేం అడగలేదు. నువ్వు! చెప్పుల తాడుకి ఎన్ని ముళ్ళు వేశారో కూడా అడిగే మనిషివి. ఎందుకు అడగలేదో చెప్పనా? అమ్మకం పత్రం నువ్వూ చదివావు కాబట్టి. ఊళ్ళో వాళ్ళకి తెలిసింది సగమే. ఇరవై రోజుల్లోపు పోతే రద్దు. మిగతా సగం నోటరీ గడగడా చదివేస్తాడు, ఎవడూ వినడు. అప్పటికే ఉన్న జబ్బుతో పోతేనే రద్దు. మెట్లమీంచి పడితే అమ్మకం అమ్మకమే. ఎవడో చంపినా అంతే, ఆ చంపినవాడు కొన్నవాడు కాకపోతే." ఒక అడుగు ముందుకు వేశాడు. "తన చేత్తో తనే పోయినా అంతే."

"అంటే ఇల్లు...?" అన్నాడు నీగార్డ్.

"మీరు నోరు ముయ్యండి. మీరు మాట్లాడినకొద్దీ నా రేటు పెరుగుతోంది."

"డాక్టరు కాగితంమీద గుండె అని ఉంది," అన్నాడు ఇస్నార్. "రాయి మూసేశారు. ముత్యాలు పెట్టుకుని చనిపోకూడదని చట్టంలో లేదు. మందుసీసా ఉందా నీ దగ్గర? చూసినవాడున్నాడా? గాలిలోంచి ఏం తీస్తావు?"

"ఏమీ లేదు నా దగ్గర. ఒప్పుకుంటున్నాను." బరాలిస్ కోటు సర్దుకున్నాడు. "నిన్ను మాత్రం మొదటిసారి ఇలా చూస్తున్నాను. జాలి! నీకు! ఆ పనిమనిషికి ఇల్లు దక్కాలని నువ్వు కాగితంమీద గీతలు గీస్తున్నావు. మీ ఆవిడ ఆస్పత్రిలో ఉంటే చూడ్డానికి పోకుండా కేసు రాసుకున్నవాడివి."

ఇస్నార్ నోట్‌బుక్ జేబులో పెట్టుకున్నాడు.

బరాలిస్ వెనుదిరిగి మెట్లు దిగడం మొదలుపెట్టాడు. నెమ్మదిగా కాదు. అతను ఎక్కడికి వెళ్తున్నాడో ఇస్నార్‌కి రెండు మెట్లు ఆలస్యంగా తెలిసింది.

*

వంటింట్లో ఫిలోమెన్ లేచి నిలబడి ఉంది. బరాలిస్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. గొంతులో తేనె.

"మదాం, మీకు నా సానుభూతి. మీ ఇన్‌స్పెక్టర్ గారు గట్టివారు. ఆవిడ మంగళవారమే పోయారని తేల్చేశారు. కానీ ఏం చేస్తాం, అవన్నీ కొవ్వొత్తులూ రొట్టెముక్కలూ. రేపు కోర్టులో మా వకీలు ఊదితే ఎగిరిపోతాయి. మంగళవారమే అని చెప్పే మనిషి ఒక్కరు లేరు."

"ఫిలోమెన్," అన్నాడు గుమ్మంలోంచి ఇస్నార్. "మీ గదికి వెళ్ళండి."

"ఆవిడ తనే ఏదైనా చెప్పి ఉంటే బాగుండేది," అన్నాడు బరాలిస్, వినబడనట్టు. "ఒక ఫోను. ఒక చీటీ. మిమ్మల్ని అంత నమ్ముకున్న మనిషి."

ఫిలోమెన్ మొహం విప్పారింది. ఇన్నాళ్ళూ బిగబట్టిన ఊపిరి వదిలినట్టు.

"ఉంది," అంది.

"ఫిలోమెన్, వద్దు. తియ్యకండి. నేను చెప్తున్నాను, పోలీసుగా చెప్తున్నాను, మీ నోరు..."

"ఎందుకు వద్దు ఇన్‌స్పెక్టర్ గారూ? కోర్టులో ఊదేస్తారంటున్నాడుగా!" ఆమె అప్పటికే నల్లగౌను మెడలోపలికి చెయ్యి పెట్టింది. "శుక్రవారం సాయంత్రం మా అక్క ఇంటికి పోస్టులో వచ్చింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, ఫాదర్ గారికి తెలిస్తే పూజ చదవడానికి ఒప్పుకోరేమో అని. పాతకాలం మనిషి ఆయన. ఆవిడని శ్మశానం గోడ బయట పెట్టిస్తారేమో అని. ఇవాళ పూజ అయిపోయింది. రాయి పడింది. ఇక ఎవరూ తియ్యలేరు కదా?"

"తియ్యలేరు," అన్నాడు బరాలిస్. "చదవండి."

ఇస్నార్ బల్ల చుట్టూ తిరిగి వచ్చేలోపు ఆమె చదవడం మొదలుపెట్టింది. బడిలో పాఠం అప్పజెప్పినట్టు, నిటారుగా నిలబడి, గట్టిగా.

"ఫిలోమెన్, నువ్వు మొండిదానివి. అయినా నువ్వు లేని వంటిల్లు బాగోలేదు. ఇల్లు అమ్మి తప్పు చేశాను, నీమీద కోపంతో. నోటరీని అడిగాను, వెనక్కి తీసుకోవడం కుదరదన్నాడు. ఆ మనిషి నేను ఊపిరి తీస్తే వింటున్నాడు. ఇవాళ పంతొమ్మిదో రోజు. రేపటిదాకా ఆగితే నాకు ధైర్యం చాలదేమో. అందుకని ఈ రాత్రి మందంతా ఒక్కసారే తాగేస్తాను. దాంతో అతని అమ్మకం పోతుంది, ఇల్లు నీదవుతుంది. ఏడవకు, నీ ఏడుపు వికారంగా ఉంటుంది. వంటింటి కప్పు మూలన కారుతోంది, వానలు పడకముందే చూసుకో. ఒనొరీన్."

తల ఎత్తింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఎప్పుడూ పేరు పెట్టి సంతకం చెయ్యలేదు నాకు. చీటీ రాస్తే 'మదాం ఓడిబెర్' అనే రాసేవారు."

బరాలిస్ జేబులోంచి ఫోను తీశాడు. ఎర్రచుక్క వెలుగుతోంది. మెట్లు దిగుతున్నప్పుడే నొక్కి ఉంచాడు.

"ఎంత బాగా చదివారు మదాం. ఆ మందు గురించిన వాక్యం మాత్రం ఇంకొక్కసారి చదువుతారా? మా క్లయింటు గారికి మన భాష అంతగా అందదు."

"అందుకని ఈ రాత్రి మందంతా ఒక్కసారే తాగేస్తాను," అని ఫిలోమెన్ మళ్ళీ చదివింది, ఒక్కొక్క మాటా విడదీసి, పరదేశికి అర్థమయ్యేలా.

నీగార్డ్ పెదవులు ఆమెతో పాటే కదిలాయి. అర్థమయ్యేందుకు కొంచెం సేపు పట్టింది. తరువాత అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మూడు రోజులు మూర్ఖంగా తను దాచినదేమిటో, బుధవారం పొద్దున ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేదని, అతని మొహంలో ఒక్కొక్కటే దిగుతున్నాయి. చివరికి మిగిలింది మాత్రం ఒక్కటే. అతను వంటింటి పైకప్పు మూలకేసి చూశాడు. కారుతున్న చోటు వెతుకుతున్నాడు.

"అసలు కాగితం సాక్ష్యం కింద జమ చేసుకోవాలి ఇన్‌స్పెక్టర్ గారూ," అన్నాడు బరాలిస్. మొదటిసారి 'గారూ' అన్నాడు. "లేకపోతే నేను ప్రాసిక్యూటర్‌కి ఈ రికార్డింగు పంపుతాను, నువ్వు ఆవిడని ఆపబోయిన మాటలతో సహా. నీ ఇష్టం. ఐదింటిదాకా టైముంది."

ఇస్నార్ చెయ్యి చాచాడు. ఫిలోమెన్ ఉత్తరాన్ని మడతల మీదే మడిచి, రెండు చేతులతో అతని చేతిలో పెట్టింది. గెలిచినవాళ్ళు ఇచ్చినట్టు ఇచ్చింది. తరువాత ఒక్కొక్కరి మొహమే చూసింది. ఇస్నార్ సాక్ష్యాల కవరు తీసి కాగితం అందులో వేసి అంటించాడు. పైన తేదీ రాశాడు. పెన్ను ఆగలేదు, దానికి అలవాటే.

"ఏంటి, అందరూ అలా చూస్తారేం?" అంది ఫిలోమెన్. "మూడు నుంచి ఇరవై రెండు. నేను వేళ్ళమీద ఎన్నిసార్లు చూసుకున్నానో. పంతొమ్మిదేగా?"

"పంతొమ్మిదే," అన్నాడు ఇస్నార్.